ఖరగ్‌పూర్ తెలుగు బడి: హోదా వచ్చినా తేలని లెక్క

ఖరగ్‌పూర్ అనగానే మన పాఠకులలో పాతతరం వారికి జనరల్ నాలెడ్జి పుస్తకాలలోని ఒక ప్రశ్న గుర్తుకు వస్తుంది. ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కడ ఉన్నదన్నది ఆ ప్రశ్న. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఘనత 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి తరలిపోయింది. తరువాతి తరానికి ఖరగ్‌పూర్ అంటే ఐఐటి. ఈ రెంటికీ నడుమ, మథురాకాఠీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటలలో వంద సంవత్సరాలకు పైబడి కాపురముంటున్న తెలుగు కుటుంబాల సంగతి మాత్రం ఎన్నికల వేళ తప్ప వార్తలకు ఎక్కదు.

అటువంటి వేళ ఒకటి 2020 డిసెంబరులో వచ్చింది. శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించింది. నేపాలీ, ఉర్దూ, హిందీ, ఒడియా, సంతాలీ, పంజాబీ తదితర భాషలకు అంతకు ముందే ఆ రాష్ట్రంలో ఇటువంటి గుర్తింపు ఉన్నది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక నెరవేరినట్లు అప్పట్లో రెండు తెలుగు రాష్ట్రాల పత్రికలూ సంతోషం ప్రకటించాయి. సంతోషించదగిన విషయమే. అయితే కార్యాలయంలో అర్జీ తెలుగులో పెట్టుకొనే హక్కు ఒకటి, తరగతి గదిలో గణితం తెలుగులో చెప్పించుకొనే వీలు మరొకటి. మొదటిది ఒక ఉత్తర్వుతో వస్తుంది. రెండవదానికి ఉపాధ్యాయుడు కావాలి, పుస్తకం కావాలి, అన్నింటికన్న ముందు బెంచీ మీద కూర్చొనే పిల్లవాడు కావాలి. ఆ పిల్లవాడు ఎవరు, ఎందరు, పరీక్షలో ఏపాటి నెగ్గుకొస్తున్నాడు అన్న ప్రశ్నలకు సమాధానం వెదకబోతే ఖరగ్‌పూర్ ఒక్క ఊరి కథగా మిగలదు.

బి.ఎన్.ఆర్. నాటి వలస

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన, మేదినీపూర్ జిల్లాలో లేటరైట్ నేల మీద ఆ కంపెనీ తన ప్రధాన వర్క్‌షాపునకు స్థలం ఎంచుకొన్నది. 19వ శతాబ్ది చివరలో పని మొదలై, 20వ శతాబ్ది ఆరంభానికి అక్కడ వర్క్‌షాపు, కాలనీ, జంక్షన్ వెలిశాయి. తూర్పు తీరపు రైలు మార్గంలో ఉత్తర భాగం కూడ ఇదే కంపెనీ చేతికి రావడంతో విజయనగరం, వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ వరకు ఒకే యాజమాన్యం నడిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పేద రైతు కుటుంబాలకు ఉత్తరాన దొరికిన కూలి ఇది. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, బొగ్గు మోసేవారుగా వెళ్లినవారు కొందరు, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వెళ్లినవారు మరి కొందరు. తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వెంకటగిరి కార్మిక నాయకునిగా పేరు తెచ్చుకొన్నది ఈ రైల్వేలోనే. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల పక్షాన ఆయన నడిపిన సమ్మె కార్మికోద్యమ చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం.

ఇక్కడ ఒక మాట. కలకత్తా నుంచి వచ్చే వార్తాసంస్థల ఇంగ్లీషు కథనాలలో ఖరగ్‌పూర్ రైల్వే పేటల జనాన్ని 'నాన్ బెంగాలీ' అన్న ఒక్క మాటతో చుట్టివేయడం పరిపాటి. తెలుగువారు, ఒడియావారు, బీహారీలు, తమిళులు, పంజాబీలు అందరూ ఆ మాటలోనే. దానిని తెనిగించడానికి కూర్చున్నవారికి ఆ కథనాలలో తెలుగువారు ఎందరో, వారి పిల్లలు ఏ బడికి వెళుతున్నారో చెప్పే వాక్యం దొరకడం అరుదు. ఆ పట్టణాన్ని 'మినీ ఇండియా' అని మెచ్చుకొనేవారు కూడ లెక్క చెప్పరు.

రైల్వే కాలనీ అంటే క్వార్టరు, ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, బడి. ఉద్యోగితో పాటు ఇవన్నీ వచ్చేవి. తండ్రి పని చేసే షాపు, కొడుకు చదివే బడి ఒకే యాజమాన్యానివి కావడం వలన చదువు ఉద్యోగానికి ముందు మజిలీగా ఉండేది. బెంగాలీ, హిందీ, తెలుగు మాధ్యమాలు పక్కపక్కనే నడవడానికి కారణం భాషాభిమానం మాత్రమే కాదు. కార్మికుడు పని వదిలి ఊరికి పోకుండా ఉండాలంటే అతని పిల్లవాడికి అతని భాషలో నాలుగు అక్షరాలు చెప్పించడం యాజమాన్యానికి కూడ లాభసాటి వ్యవహారమే. రైల్వే బడులతో పాటు రాష్ట్ర ప్రభుత్వ సాయంతో జీతాలు పొందే ఉన్నత పాఠశాలలు కూడ పట్టణంలో పెరిగాయి.

బెంచీ మీద ఎవరు?

రైల్వే బడులలో చదువుతున్నవారు రైల్వే ఉద్యోగుల పిల్లలేనని బయటివారు అనుకోవడం సహజం. దేశవ్యాప్తంగా 2019 నాటి లెక్కలు వేరే చిత్రం చూపుతున్నాయి. అప్పటికి రైల్వే నడుపుతున్న 94 పాఠశాలలలో ఉద్యోగుల పిల్లలు సుమారు 15 వేల మంది కాగా, బయటి పిల్లలు 34 వేలకు పైగా ఉన్నారు. అంటే ముగ్గురిలో ఇద్దరు బయటివారు. బడి ఈడు ఉన్న రైల్వే ఉద్యోగుల పిల్లలు దేశం మొత్తం మీద దాదాపు 8 లక్షల మంది ఉండగా, వారిలో రైల్వే బడి మెట్లు ఎక్కుతున్నది రెండు శాతం లోపే. రైల్వే మద్దతుతో నడిచే కేంద్రీయ విద్యాలయాలలో చేరినవారు ఇందుకు రెట్టింపుకు మించి ఉన్నారు. మిగిలినవారు ప్రైవేటు ఇంగ్లీషు బడుల వైపు, ఇతర బడుల వైపు మళ్లారు.

ఈ అంకెలు ఖరగ్‌పూర్ ఒక్కదానివి కావు. అయినా ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో వీటిని చదవవలసిన తీరు కొంత వేరు. రికార్డులో 'రైల్వే పిల్లవాడు' అంటే తండ్రి గాని తల్లి గాని ప్రస్తుతం సర్వీసులో ఉన్నవాడు. తాత ముప్ఫై ఏళ్లు వర్క్‌షాపులో చెమటోడ్చి రిటైరై, తండ్రి గోల్‌బజార్‌లో చిల్లర వ్యాపారమో, కాంట్రాక్టరు కింద కూలి పనో చేసుకొంటున్న ఇంటి పిల్లవాడు రికార్డులో 'బయటివాడు'. పేట అదే, భాష అదే, ఇంటి పేరు కూడ అదే. మారినది తండ్రి ఉద్యోగం. కాబట్టి రైల్వే బడిలో బయటి పిల్లలు పెరిగారన్న వాక్యానికి, రైల్వే కుటుంబాలలో ఉద్యోగం లేని తరం పెరిగిందన్న అర్థం కూడ కొంతవరకు ఉన్నది. ఈ తేడాను ప్రభుత్వ నివేదికలు పట్టించుకోవు. ఖర్చు లెక్క చూసేవారికి బయటి పిల్లలకోసం రైల్వే ఎందుకు బడి నడపాలన్న ప్రశ్న ఒక్కటే కనిపిస్తుంది.

ఆ ప్రశ్న ఇప్పటికే కాగితం మీదకు వచ్చింది. కేంద్ర ఆర్థిక శాఖ ప్రధాన ఆర్థిక సలహాదారుగా ఉన్న సంజీవ్ సన్యాల్ 2021లో రైల్వే అనుబంధ సంస్థల హేతుబద్ధీకరణపై ఇచ్చిన నివేదికలో, రైల్వే బడులను వీలైనంతవరకు కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌కు గాని రాష్ట్రాలకు గాని అప్పగించాలని సూచించారు. ఆర్థిక దృష్టితో చూస్తే ఆ సూచనను తప్పు పట్టడం కష్టం. రైళ్లు నడపవలసిన సంస్థ బడులు కూడ ఎందుకు నడపాలి? కాని కేంద్రీయ విద్యాలయాలలో బోధన హిందీ, ఇంగ్లీషు భాషలలోనే సాగుతుంది. ప్రాంతీయ భాషను 15 మంది లేదా అంతకు మించి పిల్లలు కోరితే పార్ట్ టైం కాంట్రాక్టు ఉపాధ్యాయునితో ఒక సబ్జెక్టుగా చెప్పిస్తారు. అప్పగింత జరిగిన చోట తెలుగు మాధ్యమం అన్న మాట అంతటితో ముగుస్తుంది.

ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతికి

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబానికి చదువు ఎప్పుడు ప్రాణావసరమైందన్నది ఆర్థిక ప్రశ్న. పాత రోజులలో గ్రూప్ డి ఉద్యోగానికి ఎనిమిదో తరగతి చాలేది. తండ్రి పలుకుబడి, యూనియన్ నాయకుని మాట, క్యాజువల్ లేబర్‌గా కొన్నాళ్ల పని కలిసివస్తే కొడుకు కూడ షాపులో కుదురుకొనేవాడు. మార్కుల ప్రసక్తి లేదు. ఆరో వేతన సంఘం సిఫారసుల అమలుతో 2008లో గ్రూప్ డి అన్న తరగతే రద్దై, ప్రవేశానికి మెట్రిక్యులేషన్ గాని ఐటిఐ గాని కనీస అర్హతగా మారింది. ఎనిమిదో తరగతి వరకే చదువు చాలనుకొన్న కుటుంబాలకు ఒక్కసారిగా పదో తరగతి గుమ్మం ఎదురైంది.

రెండవ దెబ్బ వారసత్వ ఉద్యోగాల రద్దు. భద్రతకు సంబంధించిన కొన్ని కేటగిరీల సిబ్బంది ముందుగా స్వచ్ఛంద పదవీ విరమణ చేస్తే వారి సంతానానికి ఉద్యోగమిచ్చే పథకం 2004లో మొదలై, 2010లో మరికొన్ని కేటగిరీలకు విస్తరించింది. రైల్వే పేటలలో దీనిని లార్స్‌జెస్ అన్న పొట్టి పేరుతో పిలుస్తారు. బహిరంగ పోటీ లేకుండా తండ్రి నుంచి కొడుకుకు ఉద్యోగం సంక్రమించడం రాజ్యాంగంలోని సమానావకాశ సూత్రానికి విరుద్ధమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో అభిప్రాయపడింది. 2017లో పథకం నిలిచిపోయి, 2018లో పూర్తిగా రద్దయింది. న్యాయస్థానం చెప్పినది న్యాయమే. పేటలలో అది ఎలా వినిపించిందన్నది వేరు విషయం.

అదే 2018లో రైల్వే లెవెల్ వన్ పోస్టులు 62,907 ప్రకటిస్తే సుమారు 1 కోటి 90 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక పోస్టుకు 300 మంది. 1990-91లో 16 లక్షలు దాటిన రైల్వే సిబ్బంది సంఖ్య ఇటీవలి సంవత్సరాలలో 12 లక్షల దరిదాపులకు దిగింది. తాతకు దొరికిన కూలి పనిని మనుమడు పరీక్ష రాసి, 299 మందిని వెనుకకు నెట్టి సంపాదించుకోవలసి వచ్చింది. పరీక్ష తెలుగులో రాసే వీలు రైల్వే బోర్డు కల్పించింది, అందుకు మెచ్చుకోవలసిందే. కాని ఆ ప్రశ్నలకు సమాధానమివ్వగల గణితం, సామాన్య శాస్త్రం బడిలో వచ్చి ఉండాలి కదా.

ఇదిలా ఉండగా 2003లో జరిగిన మరొక మార్పును విశ్లేషకులు పెద్దగా పట్టించుకోలేదు. అంతవరకు ఆగ్నేయ రైల్వే ఒక విశాల సామ్రాజ్యం. ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ అందులోవే. వాల్తేరులో చేరిన తెలుగువాడు ఖరగ్‌పూర్‌కు, ఖరగ్‌పూర్‌లో పుట్టినవాడు వాల్తేరుకు ఒకే జోన్‌లో బదిలీ కాగలిగేవాడు. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే పూర్తి స్థాయిలో ఏర్పడి వాల్తేరు, ఖుర్దా రోడ్, సంబల్‌పూర్ డివిజన్లు విడిపోయాయి. అప్పటినుంచి అది జోన్ దాటే బదిలీ. సీనియారిటీ పోగొట్టుకొని వచ్చేవారు తక్కువ. తెలుగు బడికి కొత్త పిల్లలను తెచ్చే కాలువకు అలా అడ్డుకట్ట పడింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019లో ప్రకటించినప్పుడు ఉత్తరాంధ్రలో జరిగిన చర్చలో ఖరగ్‌పూర్ ఊసు రాలేదు.

ఇరవై మంది తరగతిలో శాతాలు

ఇక ఫలితాల సంగతి. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యామండలి పదో తరగతి పరీక్షను అక్కడ మాధ్యమిక్ అంటారు. ఏడు సబ్జెక్టులు, 700 మార్కులు. ప్రథమ భాషగా తీసుకోదగిన భాషల జాబితాలో బెంగాలీ, హిందీ, ఉర్దూ, నేపాలీ, ఒడియా, సంతాలీలతో పాటు తెలుగు కూడ ఎంతోకాలంగా ఉన్నది. 2020 నాటి హోదాకు ముందునుంచే ఉన్న హక్కు ఇది. ఒక రాష్ట్ర విద్యామండలి ఇన్ని భాషలకు చోటివ్వడం దేశంలో అన్ని చోట్లా కనిపించదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం నిర్బంధమైన తరువాత అక్కడి తెలుగు మాధ్యమ విద్యార్థులు పరీక్ష మినహాయింపు కోసం న్యాయస్థానాల చుట్టూ తిరగవలసి వచ్చిన సంగతి పాఠకులకు తెలిసినదే. బెంగాల్‌లో ఆ ఇబ్బంది లేదు. 2017లో బెంగాలీని అన్ని బడులలో నిర్బంధం చేస్తారన్న మాట పుట్టి డార్జిలింగ్ కొండలు భగ్గుమన్నప్పుడు ప్రభుత్వం వెనుకకు తగ్గింది.

2025 మాధ్యమిక్‌లో రాష్ట్రవ్యాప్త ఉత్తీర్ణత 86.56 శాతం. పూర్వ మేదినీపూర్ జిల్లా ఎన్నో ఏళ్లుగా అగ్రస్థానంలోనో దాని దగ్గరలోనో ఉంటున్నది. 2002లో అవిభక్త మేదినీపూర్ రెండుగా చీలినప్పుడు ఖరగ్‌పూర్ పశ్చిమ మేదినీపూర్ వాటాకు వచ్చింది. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలో చదువుకు అంతటి పేరుండగా, రైల్వే పట్టణపు తెలుగు బడి దానిలో ఏ మెట్టు మీద ఉన్నదో చెప్పే అంకె ప్రజల ముందుకు రాదు. మండలి జిల్లాల వారీగా, బాలబాలికల వారీగా, సామాజిక వర్గాల వారీగా ఫలితాలు చెబుతుంది. బోధనా మాధ్యమం వారీగా చెప్పే ఆనవాయితీ లేదు.

బడుల వారీగా చెప్పినా చిన్న బడి విషయంలో శాతం మోసం చేస్తుంది. ఇరవై మంది పరీక్ష రాసే చోట ఒక్కడు తప్పితే ఉత్తీర్ణత 95, ఇద్దరు తప్పితే 90, ఐదుగురు తప్పితే 75. ఒక సంవత్సరం గణితం ఉపాధ్యాయుడు సెలవులో ఉంటే చాలు, బడి 'పడిపోయినట్లు' కనిపిస్తుంది. మరుసటి ఏడు బాగా చదివే పిల్లలు నలుగురు కలిస్తే 'పుంజుకొన్నట్లు' కనిపిస్తుంది. రెండు వాక్యాలూ నిజం కావు. ఇటువంటి బడిని ఐదారేళ్ల ఫలితాలు కలిపి చూడాలి. ఆరో తరగతిలో చేరినవారిలో ఎందరు పదో తరగతి పరీక్ష వరకు నిలిచారన్నది ఇంకా ముఖ్యంగా చూడాలి. పదిమంది మధ్యలో మానుకొని, మిగిలిన పదిమందీ ఉత్తీర్ణులైన బడికి నూరు శాతం వస్తుంది.

పెద్ద అంకెలు కూడ తొందరపడితే దారి తప్పిస్తాయనడానికి ఒక ఉదాహరణ. 2022లో దాదాపు 11 లక్షలున్న మాధ్యమిక్ అభ్యర్థులు 2023లో 7 లక్షలకు పడిపోయారు. నాలుగు లక్షలమంది బడి మానేశారన్న గగ్గోలు రేగింది. బడిలో చేర్చుకొనే వయసు నిబంధనను కొన్నేళ్ల కిందట కట్టుదిట్టం చేయడం వలన ఆ ఒక్క తరగతి పల్చబడిందన్నది మండలి వివరణ. కరోనా కాలంలో చదువు మానినవారు అందులో ఎందరో ఆ వివరణ తేల్చలేదు.

గుమ్మం పక్కనే ఐఐటి

ఖరగ్‌పూర్ తెలుగు చదువులో అసలు వైరుధ్యం పదో తరగతి తరువాత బయటపడుతుంది. బ్రిటిష్ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ప్రారంభమైన ఐఐటిలో తెలుగు విద్యార్థుల సంఖ్యకు లోటు లేదు. విజయవాడ, హైదరాబాదు కోచింగ్ కేంద్రాల నుంచి ఏటేటా రైలు దిగి క్యాంపస్‌కు వెళ్లే తెలుగు పిల్లలకు, అదే స్టేషన్ పక్కన క్వార్టర్లలో తెలుగు మాట్లాడే పిల్లలు ఉన్నారన్నది తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. వారు మాట్లాడేది శ్రీకాకుళపు యాస, అందులో బెంగాలీ, హిందీ మాటలు కలిసిపోయిన తెలుగు. ఇద్దరూ తెలుగువారే, ఒకే పట్టణంలో నాలుగేళ్లు గడుపుతారు, పండుగలలో తప్ప కలవరు.

ఐఐటి ప్రవేశానికి మొదటి మెట్టు అయిన జెఈఈ మెయిన్ పరీక్షను 2021 నుంచి తెలుగుతో సహా 13 భాషలలో నిర్వహిస్తున్నారు. మన రాష్ట్రాలలో దీనిని గొప్పగా చెప్పుకొన్నాం. అయితే ప్రాంతీయ భాషా ప్రశ్నపత్రం ఆ భాష మాట్లాడే రాష్ట్రంలోని కేంద్రాలలోనే ఇస్తారన్న నిబంధన అందులో ఉన్నది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. వైద్య విద్య ప్రవేశానికి జరిగే నీట్‌లోనూ ఇదే పద్ధతి. పశ్చిమ బెంగాల్ అధికార భాషల జాబితాలో తెలుగు చేరిన తరువాత కూడ ఖరగ్‌పూర్ విద్యార్థి తెలుగులో జెఈఈ రాయాలంటే కోరమాండల్ ఎక్కి ఆంధ్రకు రావలసిందే. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ ప్రశ్నపత్రాలు అతనికి సొంత రాష్ట్రంలో దొరుకుతాయి. పదేళ్లు చదివిన భాష మాత్రం దొరకదు. తల్లిదండ్రులు తెలుగు మాధ్యమం నుంచి పిల్లలను తప్పిస్తే వారికి భాషాభిమానం లేదని నిందించేవారు ఈ నిబంధనను ఒకసారి చదవాలి. ఇంటర్మీడియట్‌తో సమానమైన హయ్యర్ సెకండరీకి వచ్చేసరికి సైన్సు చదవదలచిన పిల్లవాడు ఎలాగూ ఇంగ్లీషుకు మారక తప్పదు. ఆ మార్పు పదహారేళ్లకు బదులు ఐదేళ్లకే చేయిస్తే మేలని తల్లి అనుకొంటే, ఆమె లెక్కలో తప్పు చూపడం సులభం కాదు.

ఉపాధ్యాయుడు ఎక్కడ?

రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతున్నది. 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలబద్ద పెట్టింది. తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఒక భాషవారు ఉంటే ఆ భాష ఉపాధ్యాయుని నియమించాలి. ఉన్నత తరగతులకు ఈ అంకెలను 15, 60గా తరువాత నిర్ణయించారు. 2009 విద్యాహక్కు చట్టం కూడ వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్నది. 'వీలైనంతవరకు' అన్న పదబంధంలోనే పరిపాలకులకు కావలసినంత వెసులుబాటు ఉన్నది. భాషా అల్పసంఖ్యాక వర్గాల కమిషనర్ పార్లమెంటుకు సమర్పించే నివేదికలలో వివిధ రాష్ట్రాల నుంచి మళ్లీ మళ్లీ వినవచ్చే ఫిర్యాదులు రెండు. పాఠ్యపుస్తకాలు సకాలంలో రావు, రిటైరైన ఉపాధ్యాయుని చోట మరొకరు రారు.

బెంగాల్‌లో ఈ రెండవ సమస్య ఇప్పుడు భాషకు అతీతంగా ముదిరింది. రాష్ట్ర స్కూల్ సర్వీస్ కమిషన్ 2016 ఎంపికలలో జరిగిన అక్రమాల కారణంగా 25,753 మంది ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర సిబ్బంది నియామకాలను కలకత్తా హైకోర్టు 2024 ఏప్రిల్‌లో రద్దు చేసింది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. కళంకం అంటని ఉపాధ్యాయులను కొంతకాలం కొనసాగనిచ్చి, కొత్త ఎంపికలకు ఆదేశించింది. ఆ మేరకు 2025 సెప్టెంబరులో పరీక్షలు జరిగాయి. ఇంతటి కల్లోలంలో వేల ఖాళీల నడుమ, తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చెప్పగల ఒక ఉపాధ్యాయుని పోస్టు గురించి ఎవరు అడుగుతారు? అడిగినా, బెంగాల్ నిబంధనల ప్రకారం అర్హుడై, తెలుగులో చదివి, పోస్టు కేటాయించిన రిజర్వేషన్ వర్గానికి చెందిన అభ్యర్థి దొరకాలి. శ్రీకాకుళంలో డిఎస్సీకి సిద్ధమవుతున్న నిరుద్యోగికి ఇటువంటి పోస్టు ఒకటి ఉంటుందన్న సమాచారమే అందదు.

పుస్తకాల సమస్యకు కారణం సంఖ్యే. ఆంధ్ర, తెలంగాణ పాఠ్యపుస్తకాలు తెలుగులో ఉన్నాయి కాని సిలబస్ వేరు. బెంగాల్ చరిత్ర, బెంగాల్ భూగోళం తెలుగులో కొన్ని వందల ప్రతులు అచ్చు వేయడం ఏ ప్రచురణకర్తకూ గిట్టుబాటు కాదు. ప్రభుత్వం నష్టానికి వేయాలి, లేదా పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకొని తెలుగులో నోట్సు రాసుకోవాలి.

మన ఇంటి లెక్క

విద్యార్థులు తగ్గిన బడులను ఏమి చేయాలన్న ప్రశ్న బెంగాల్‌లో 2023లోనే రచ్చకెక్కింది. 30 మంది కన్న తక్కువ పిల్లలున్న బడులు 8,200కు పైగా ఉన్నట్లు జాబితా బయటకు రాగానే, ఇవన్నీ మూసివేస్తారన్న ఆందోళన వ్యాపించింది. 2024-25 దేశవ్యాప్త పాఠశాలల సమాచారం ప్రకారం ఒక్క విద్యార్థి కూడ లేని బడులు దేశంలో దాదాపు 8,000 ఉంటే, వాటిలో 3,812 బెంగాల్‌లోనే ఉన్నాయి. ఆ బడులలో జీతం తీసుకొంటున్న ఉపాధ్యాయులు 17 వేలకు పైనే. ఒక చోట ఉపాధ్యాయుడు లేక పిల్లలు, మరొక చోట పిల్లలు లేక ఉపాధ్యాయులు.

బెంగాల్ వారిని చూసి నవ్వుకొనే వీలు మనకు లేదు. అదే జాబితాలో రెండవ స్థానం తెలంగాణది, 2,245 బడులతో. ఒకే ఉపాధ్యాయునితో నడిచే బడుల జాబితాలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులతో. తెలుగు మాధ్యమం విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 81వ నంబరు జీవో జారీ చేయగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ తరువాత తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి 96 శాతానికి పైగా ఇంగ్లీషునే కోరుకొన్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సేకరణ జరిగిన తీరుపై విమర్శలు ఎన్ని ఉన్నా, సొంత గడ్డ మీద తెలుగు తల్లి ఎటు మొగ్గుతున్నదో అందరికీ తెలుసు. బెంగాల్ ప్రభుత్వం తెలుగు బడిని నిలబెట్టాలని విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి లేఖ రాసేవారి చేతికి ఈ అంకె కొంత బరువుగానే ఉంటుంది.

అలాగని అడగవలసినవి లేకపోలేదు. మాధ్యమిక్ ఫలితాలను బోధనా మాధ్యమం వారీగా కూడ ప్రకటించాలని విద్యామండలిని కోరడానికి కొత్త చట్టం అక్కరలేదు, అభ్యర్థుల దరఖాస్తులలో ఆ వివరం ఎలాగూ ఉంటుంది. జెఈఈ, నీట్ తెలుగు ప్రశ్నపత్రాన్ని ఖరగ్‌పూర్ పరిసర కేంద్రాలలో ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాలు జాతీయ పరీక్షల సంస్థను అడగవచ్చు. పరీక్ష కంప్యూటర్ మీద జరిగే జెఈఈ విషయంలో అదనపు అచ్చు ఖర్చు కూడ లేదు. రైల్వే బడుల అప్పగింత జరిగే చోట భాషా మాధ్యమాల పిల్లలు ఎందరున్నారో ముందుగా లెక్క తీయాలని, 1949 నాటి పది, నలభై కొలబద్దకు సరిపోయే సంఖ్య ఉంటే ఆ సెక్షన్లను రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించాలని పార్లమెంటులో ఒక ప్రశ్న వేయవచ్చు. ఉత్తరాంధ్ర ఎంపీలు రైల్వే జోన్ గురించి వేసిన ప్రశ్నలు వందల సంఖ్యలో ఉంటాయి.

అప్పగింత విషయంలో సన్యాల్ నివేదిక చేసిన సూచన దేశమంతటా ఒకే వేగంతో అమలు కావడం లేదు. కొన్ని బడులు ఇతరులకు బదిలీ అవుతున్నాయి, కొన్ని చోట్ల కొత్త ప్రవేశాలు ఆపి ఉన్న పిల్లలు పై తరగతులు దాటేవరకు నడుపుతారు. ఈ రెండవ పద్ధతిలో మూసివేత ఉత్తర్వు వెలువడదు, గోడ మీద నోటీసు పడదు, వార్తాసంస్థకు వార్త ఉండదు. మొదటి తరగతిలో ఈ ఏడు ఎందరు చేరారన్న ఒక్క అంకె రిజిస్టరులో మారుతుంది.